నా బొటనవేలు వేసిన ముప్పై ఏడు ఓట్లు

కొత్తగా రెవెన్యూ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటారని నాకు తెలుసు. కడపలో పెన్షన్ పని మీద ఏ ఆఫీసుకు పోయినా ఎవరో ఒకరు పక్కవాళ్ళ చెవిలో "ఈయనే, వేలు సారు" అంటారు. నా మీద ఒక కథ కూడా తిరుగుతోంది. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద అధికారికి నిండు సభలో బొటనవేలు చూపించి వెక్కిరించానట. పూర్తిగా అబద్ధం. ఆ రోజు నా చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఎంతమంది అడిగినా బయటికి తీయలేదు. అందుకే నా మీద విచారణ వేశారు. అప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడటం లేదు. కాకపోతే కథకు రోజుకో తోక మొలుస్తోంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. పేర్లు రాయను, ఊరి పేరు కూడా రాయను. నాపరాళ్ళ గనులున్న పల్లె అనుకోండి చాలు, మన వైపు అలాంటి పల్లెలకు కొదవలేదు.

ఆ పల్లెలో నేను వీఆర్వోను. అడంగళ్ళు, సర్టిఫికెట్లు, గట్ల తగాదాలు, ఇవన్నీ మీకు తెలిసినవే. కానీ అక్కడ నాకంటే నా కుడిచేతి బొటనవేలికి విలువ ఎక్కువ. రేషన్ స్టోరులో వేలిముద్ర మిషన్లు వచ్చిన కొత్తలో ఊళ్ళో చాలామందికి బియ్యం ఆగిపోయాయి. ఉలి పట్టేవాళ్ళు, బండలు మోసేవాళ్ళు, పాలిష్ ఫ్యాక్టరీల్లో తడిరాయి మీద రోజంతా చేతులు పెట్టేవాళ్ళు. వాళ్ళ వేళ్ళ మీద గీతలుండవు. అరిగి అరిగి నున్నగా అయిపోయి ఉంటాయి. సబ్బుతో కడిగేవాళ్ళు, నిమ్మకాయ రుద్దేవాళ్ళు, తలనూనె అంటేలా జుట్టుకు తుడుచుకునేవాళ్ళు. ఏం చేసినా మిషన్ మీద ఎర్రలైటే.

అందుకని ప్రభుత్వమే ఒక దారి చూపించింది. మూడుసార్లు ముద్ర పడకపోతే వీఆర్వో వచ్చి తన వేలు పెట్టాలి. ఈ మనిషి నాకు తెలుసు అని చెప్పినట్టు లెక్క. అప్పుడు పచ్చలైటు వెలుగుతుంది, బియ్యం ఇస్తారు. ప్రతి నెలా స్టోరు తెరిచే రోజుల్లో నేను స్టూలు వేసుకుని మిషన్ పక్కన కూర్చునేవాణ్ణి. ఎర్రలైటు మూడోసారి వెలగగానే నా చెయ్యి దానంతటదే ముందుకు పోయేది. ఎవరితోనో మాట్లాడుతూనే, ముఖం కూడా చూడకుండానే వేలు పెట్టేవాణ్ణి. ఒకసారి ఇంట్లో కొబ్బరికాయ కొడుతూ ఆ వేలికి దెబ్బ తగిలించుకున్నాను. ఊరంతా వచ్చి పరామర్శించింది. ఒకామె పసుపు తెచ్చింది, ఇంకొకాయన ఆకుపసరు తెచ్చాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు ఒక్కరూ రాలేదు.

రిటైర్మెంటుకు ఇంకా ఏడాది కూడా లేదనగా ఆ చట్టం మాట వినపడింది. ఎన్నికల భద్రత, ఎన్నికల ఖర్చు రెండింటికీ కలిపి దేశమంతటికీ ఒకే కొత్త చట్టం తెస్తారట. ముసాయిదా రెండు భాగాలు. మొదటి భాగంలో, ఓటరు వేలిముద్ర సరిపోతే తప్ప ఓటు మిషన్ తెరుచుకోదు. రెండో భాగంలో, పార్టీలకు డబ్బెవరిచ్చారో, ఎక్కడ ఖర్చుపెట్టారో జనం ముందు పెట్టాలి. చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. ఇది దాచను. ఎలక్షన్ డ్యూటీల్లో నేను చూసినవి తక్కువేం కాదు. పొద్దున్నే తలస్నానం చేసి, కొత్తచీర కట్టుకుని వచ్చిన ముసలామెకు "నీ ఓటు పడిపోయింది, పోమ్మా" అని నా నోటితోనే చెప్పవలసి వచ్చింది. ఆమె ఓటు ఎవరు వేశారో బూతులో కూర్చున్న అందరికీ తెలుసు. వేలిముద్ర ఉంటే ఆ పని జరిగేది కాదు అనుకున్నాను.

చట్టం చేసేముందు నాలుగు చోట్ల ప్రయోగం చేసి చూడాలన్నారు. కష్టజీవుల పల్లె ఒకటి ఉండాలని మా ఊరిని ఎంచుకున్నారు. ఎవరో కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళు పెట్టెలో మిషన్ పంపారు. దాన్ని నడపడం గ్రామ సచివాలయంలో కంప్యూటర్ పని చూసే మేడం వంతు. జనాన్ని పిలుచుకురావడం తలారి వంతు. ఊరివాళ్ళను గుర్తుపట్టడం, చివర్లో నివేదిక మీద సంతకం పెట్టడం నా వంతు.

మంచి ఎండాకాలం. సచివాలయం వరండాలో షామియానా వేశాం. ముద్ర పడితే పచ్చలైటు వెలుగుతుంది, పక్కనున్న ఉత్తుత్తి ఓటు మిషన్ తెరుచుకుంటుంది. దాని మీద మూడే గుర్తులు: మామిడిపండు, చెంబు, దువ్వెన. ఏదో ఒకటి నొక్కి పోవడమే. పాలిష్ ఫ్యాక్టరీ యజమాని తన కూలీలను గంటసేపు మాత్రం వదిలాడు. గంట దాటితే పూట కూలీ కోస్తానని చెప్పి పంపాడు. వాళ్ళు తడిచేతులతో, బండల దుమ్ముతో వరసలో నిలబడి గడియారం వైపే చూస్తున్నారు.

మొదట వచ్చినామె ఆ ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళుగా పాలిష్ పని చేస్తున్న మనిషి. తెలుగు తప్ప ఇంకో మాట రాని ముస్లిం కుటుంబం. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది, నేను అక్కా అనేవాణ్ణి. వేలు పెట్టింది. ఎర్రలైటు. జుట్టుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎర్రలైటు. మూడోసారీ అంతే. అప్పుడు తెర మీద నాకు బాగా అలవాటైన మాట వచ్చింది: స్థానిక అధికారి ధ్రువీకరణ. రేషన్ మిషన్లో ఉన్న ఏర్పాటునే కాంట్రాక్టువాళ్ళు తెచ్చి ఇందులో వదిలేశారు. నా వేలు పోయి దాని మీద పడింది. పచ్చలైటు వెలిగింది. అక్క చెంబు గుర్తు నొక్కి, కొంగుతో ముఖం తుడుచుకుని ఫ్యాక్టరీకి పోయింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. గంటలోపే అందరినీ పంపేశాం. నేను ఎంత బాగా పని చేశానా అని మురిసిపోయాను కూడా.

సాయంత్రం బండి మీద వెనక కూర్చుని వస్తూ తలారి లెక్క చెప్పాడు. అతను ఎర్రలైటు వెలిగినప్పుడల్లా చేతిలో ఉన్న పుల్లలు ఒక్కొక్కటి పక్కన పెట్టాడట.

"సార్, ఈ పొద్దు నువ్వు ముప్పై ఏడు ఓట్లేసినావు."

"నోరు ముయ్ రా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నేను అంతటితో మరిచిపోయాను. మర్నాడు నివేదిక వస్తే చదవకుండా సంతకం పెట్టాను. చదివి ఉంటే, వచ్చినవాళ్ళందరికీ ముద్ర సరిపోయింది, వైఫల్యాలు లేవు అన్న వాక్యం కనపడేది. మీకు చెప్పవలసిన తప్పు ఇదే. లంచం తినలేదు, ఎవరికీ భయపడలేదు. చేయి అలవాటు చొప్పున పోయింది, సంతకమూ అలవాటు చొప్పున పోయింది.

రెండు నెలల తర్వాత తహసీల్దారు పిలిపించాడు. నాకంటే బాగా చిన్నవాడు. నలుగురిలో వీఆర్వో అని, ఒంటరిగా ఉన్నప్పుడు అన్నా అని పిలిచేవాడు. ఆ రోజు తలుపు తీసి ఉండగానే అన్నా అన్నాడు.

"అన్నా, మన ఊరే ఫస్టు. నూటికి నూరు. బండలు కొట్టే ఊర్లోనే అందరికీ ముద్ర పడినాదంటే ఇంక దేశంలో యాడైనా పడతాదంట. ఢిల్లీ నుంచి పెద్దసారు వస్తాండాడు. కడపలో సభ. చట్టం మీద అభిప్రాయాలు తీసుకుంటారు. నీకు శాలువా కప్పుతారు."

తలారి పుల్లలు గుర్తొచ్చాయి. తిన్నగా సచివాలయానికి పోయి కంప్యూటర్ మేడాన్ని రికార్డు తీయమన్నాను. ఆమె తెర మీద చూసి నెమ్మదిగా అంది: "ముప్పై ఏడు ఎంట్రీల కాడ మీ నంబరే ఉండాది సార్. పైకి పంపిన కాగితంలో మాత్రం ఆ గడి ల్యా. అందరూ పాసే అని పోయినాది."

ఆమెతో ఒక కాగితం మీద ఆ ఎంట్రీలు తీయించుకుని జేబులో పెట్టుకున్నాను. అక్కడినుంచి ఫ్యాక్టరీకి పోయాను. అక్క మధ్యాహ్నం అన్నం తిని బండల నీడలో కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. ఆమెకు నా తప్పు పెద్దగా పట్టలేదు. ఆమె వేరే లెక్క వేసుకుంది.

"అయితే సారూ, నిజం ఓట్లప్పుడు గూడా నీ ఏలే పెడతావా?"

"నేను రిటైరైపోతాను కదక్కా. నా తర్వాత వచ్చినాయన పెడతాడు."

"ఆయప్ప మంచోడైతే పెడతాడు. కాకపోతే? నువ్వు యా పార్టీకి ఏస్తావో చెప్పు, అప్పుడు పెడతా అంటే?"

నేను జేబులోంచి ఆ కాగితం తీసి మళ్ళీ మడిచాను.

"మా నాయన కాలంలో కట్టెలు పట్టుకోని వచ్చి, మీ ఓట్లు మేమే ఏసినాం ఇంటికి పోండి అనేటోళ్ళు. నువ్వు శానా మంచోడివి సారూ. నువ్వు షామియానా ఏసి, మంచినీళ్ళిచ్చి, అదే పని చేసినావు," అంది.

నిజం చెబుతున్నాను, నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎవరూ నన్ను అంత మాట అనలేదు. అన్నది కోపంతో కూడా కాదు. చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసు నాకిచ్చి మరీ అంది. నెలనెలా నేను వేలు పెడితే ఆమె ఇంటికి బియ్యం వచ్చాయి. అదే వేలు ఓటు దగ్గర పెడితే ఆమె ఓటు నా చేతికొచ్చింది. ఇంత తేలికైన తేడా నాకు ముందే ఎందుకు తట్టలేదని రెండు రోజులు నన్ను నేను తిట్టుకున్నాను.

తహసీల్దారుకు చెప్పేశాను. తలుపు వేయమన్నాడు.

"ఇంకా మూడు నెలలే కదన్నా సర్వీసు. తప్పుడు నివేదిక మీద ఉండే సంతకం నీది. విచారణ పడితే పెన్షన్ నిలిపేస్తారు, గ్రాట్యుటీ ఆపుతారు. ఈ ముసాయిదా రేపే చట్టం కాదు. ఎవరో ఏదో సవరణ చేస్తారు. నువ్వు రెండు నిమిషాలు మాట్లాడి శాలువా కప్పించుకోని వచ్చేయ్."

"స్టేజీ మీద ఎవురో ఒకరు వేలు పెట్టి చూపించల్లన్నారు గదా సార్. ఎవుర్ని తీసుకుపోదాం?"

"మన కిరాణా అంగడాయన ఉండాడు గదా. ఆయప్ప ముద్ర బాగా పడతాది. ఒక పాత లుంగీ కట్టుకోని రమ్మను, కూలాయన మాదిరి."

తహసీల్దారు చెడ్డవాడు కాదు. మీ రోజుల్లో మీరూ ఇలాంటివాళ్ళ కింద పనిచేస్తారు. పైవాళ్ళకు ఏం కావాలో అది వండి పెట్టడమే ఉద్యోగమనుకున్నాడు, అంతే. నేను సరే సార్ అని బయటికొచ్చాను. ఇంటికి పోయి మా ఆవిడకు అంతా చెప్పాను. ఆమె గిన్నెలు తోముతూ విన్నది. "పెన్షన్ సగమొస్తే సగమే తిందాం. ఆ శాలువా మాత్రం ఇంటికి తేవొద్దు," అంది. ఆ మాటతో నాకు సగం బరువు దిగింది.

సభ రోజు పొద్దున్నే కిరాణా ఆయన లుంగీ కట్టుకుని బస్టాపులో తయారుగా నిలబడ్డాడు. "నువ్వు రావాల్సిన పని లేదప్పా, అంగడి తెరుచుకో," అని చెప్పి, అక్కను బస్సెక్కించుకుని కడపకు బయలుదేరాను. దారిలో ఆమెకు అంతా వివరించాను. వేలు పెట్టమంటారు, ముద్ర పడదు, అప్పుడు నేను పెట్టను, నీకు అందరి ముందూ ఇబ్బందిగా ఉంటుందేమో అన్నాను.

"నాకేం ఇబ్బంది సారూ. నా ఏలు నేను దొంగిలించి తెచ్చినానా?" అంది.

హాలు నిండిపోయి ఉంది. అధికారులు, లాయర్లు, కాలేజీ వాళ్ళు, అన్ని పార్టీల వాళ్ళు. వేదిక మీద ఢిల్లీ అధికారి, ఆయన పక్కన ఆయన మాటలు తెలుగులో చెప్పే ఒక మేడం. ముందువరసలో మా తహసీల్దారు నా పక్కన లుంగీ ఆయన బదులు అక్కను చూసి నీళ్ళసీసా మూత తీయడం మరిచిపోయి తాగబోయాడు.

మా ఊరి పేరు చదివారు. చప్పట్లు కొట్టారు. అక్కా నేనూ వేదిక ఎక్కాం. ఢిల్లీ అధికారి ఆమె పేరు విని గౌరవంగా ఉర్దూలో పలకరించాడు.

"నాకు తెలుగే వచ్చు సారూ," అంది అక్క. హాల్లో నవ్వులు. ఆయన కూడా నవ్వాడు. మిషన్ వైపు చెయ్యి చూపించాడు.

ఎర్రలైటు. అక్క వేలు జుట్టుకు తుడుచుకుంది. ఎర్రలైటు. తెలుగు చెప్పే మేడం తన చేతిరుమాలు ఇచ్చింది. దాంతో బాగా తుడుచుకుని గట్టిగా నొక్కింది. ఎర్రలైటు. వెనకాల పెద్ద తెర మీద, అందరికీ కనపడేలా, స్థానిక అధికారి ధ్రువీకరణ అని వచ్చింది. హాల్లో ఉన్నవాళ్ళందరూ నన్ను చూశారు. నా చెయ్యి లేవబోయింది. అవును, అప్పుడు కూడా లేవబోయింది! దాన్ని జేబులోకి తోసి పిడికిలి బిగించుకున్నాను.

"వేలు పెట్టండి సార్," అంది మేడం గుసగుసగా.

కింద తహసీల్దారు కుర్చీలోంచి సగం లేచి తన బొటనవేలు ఆడిస్తున్నాడు. నేను మైకు దగ్గరికి జరిగాను.

"పెట్టను," అన్నాను. "మా ఊర్లో ముప్పై ఏడుసార్లు పెట్టినా. మీరు చప్పట్లు కొట్టిన నూటికి నూరులో ముప్పై ఏడు మంది ముద్ర పడల్యా. అన్నీ నా ఏలే. రేషన్ కాడ అలవాటై పెట్టినా. చూడకుండా సంతకం గూడా చేసినా. తప్పు నాదే. ఇంగ ఈ పొద్దు చెయ్యను. ఈమె ఓటు నేను ఎయ్యను."

ముందుగా రాసి ఇచ్చిన రెండు నిమిషాల ఉపన్యాసం నా చొక్కా జేబులో ఉంది. ఇంకో జేబులో ముప్పై ఏడు ఎంట్రీల కాగితం ఉంది. రెండోది ఎడమచేత్తో తీసి బల్ల మీద పెట్టాను. మేడం అంతా అనువాదం చేసింది. ఒక్క మాట కూడా తగ్గించలేదు. ఆమె ఎవరో నాకు తెలియదు, ఆమెకు నా నమస్కారం.

ఢిల్లీ అధికారి కోపగించుకోలేదు. లేచి వచ్చి అక్క చెయ్యి చూపించమని అడిగాడు. తన చేతితో ఆమె బొటనవేలు తడిమి చూశాడు. తర్వాత, ఇది సాంకేతిక లోపం, అధికారి వేలు పెట్టే ఏర్పాటు ప్రయోగంలో పొరపాటున ఉండిపోయింది, తీసేస్తాం అన్నాడు.

"తీసేస్తే ఈమె ఓటెయ్యకుండా ఇంటికి పోతాది," అన్నాను. "ఉంచితే ఈమె ఓటు నా మాదిరోడు ఎవురో ఏస్తాడు. ఈ రెండిట్లో ఏది చట్టంలో రాస్తారు సార్?"

కంటిపాపతో గుర్తుపట్టే మిషన్లు కూడా ఉన్నాయి అన్నాడు.

"నా రెండు కండ్లకూ పొర తీసినారు సారూ. రాళ్ళ దుమ్ము," అంది అక్క. "నా మొగం చూస్తే మా ఊర్లో అందరికీ తెల్సు. బూతులో నాలుగు పార్టీలోళ్ళు కూచోని ఉంటారు. నేను నేను కాదని అన్నోడు ఇంతవరకు ఒకడు గూడా ల్యా. ఈ మిషనే అంటాండాది."

అంతటితో దిగిపోతుందనుకున్నాను. ఆమె మైకు వదల్లేదు.

"ఇంకొక మాట సారూ. ఓటేసే నా ఏలు ఇంత చూస్తాండారే, ఓట్లప్పుడు మా వీధికొచ్చి నోట్లు పంచేటోని చెయ్యి ఎవురు చూస్తారు? వానికి మిషన్ యాడుండాది?"

మొదట వెనక వరసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత హాలంతా పాకింది. పార్టీలవాళ్ళు కూర్చున్న వరసలో మాత్రం అందరికీ ఒక్కసారే ఫోన్లు వచ్చినట్టున్నాయి. ఢిల్లీ అధికారి ఆ ప్రశ్న రాసుకున్నాడు. అది రెండో భాగానికి సంబంధించింది, భోజనాల తర్వాత చర్చకు వస్తుందన్నాడు. మేమిద్దరం ఉండి చూశాం. భోజనాల తర్వాత హాలు సగం ఖాళీ. పొద్దున్నంతా ఓటరు వేలి గురించి మాట్లాడినవాళ్ళు డబ్బు సంగతి పావుగంటలో ముగించి, టీ తాగి వెళ్ళిపోయారు.

శాలువా కప్పలేదు. బస్టాండులో టీ తాగుతూ అక్క అదే గుర్తు చేసింది. "మంచి శాలువానే సారూ, నేను చూసినా. అంచు బాగుండాది," అని తెగ నవ్వింది. ఆమె నవ్వు చూస్తే నాకూ నవ్వొచ్చింది.

వారంలో మెమో వచ్చింది. తప్పుడు నివేదిక సమర్పించుట, ఉన్నతాధికారుల ఎదుట క్రమశిక్షణ ఉల్లంఘించుట. మొదటిదానికి తల వంచాను. వేలు పెట్టింది నేను, సంతకం పెట్టింది నేను. రెండోదానికి మాత్రం ఒప్పుకోలేదు. విచారణాధికారి మంచి మాటలే చెప్పాడు. యంత్రం సక్రమంగానే పనిచేసిందనీ, నా వయసు వల్ల, మతిమరుపు వల్ల పొరపాటు జరిగిందనీ ఒక పేరా రాసిస్తే హెచ్చరికతో వదిలేస్తామన్నాడు. పేరా కూడా ఆయనే టైపు చేయించి తెచ్చాడు. నేను సంతకం పెట్టాల్సిన చోట చిన్న పెన్సిలు గుర్తు కూడా ఉంది.

ఈసారి చదివాను. ప్రతి అక్షరం చదివాను. "నాకు మతిమరుపు ల్యా సార్. ముప్పై ఏడు మంది ఇండ్ల పేర్లతో సహా చెప్తా, రాసుకోండి," అన్నాను. చెప్పడం మొదలుపెట్టాను. పదకొండో పేరు దగ్గర ఆయన కలం మూసి లేచాడు.

విచారణ నడుస్తుండగానే రిటైరయ్యాను. వీడ్కోలు సభ జరగలేదు. తలారి, కంప్యూటర్ మేడం కలిసి సచివాలయంలో నలుగురికి మిక్చరు, టీ ఇచ్చారు. గ్రాట్యుటీ చాలాకాలం ఆపారు, పెన్షన్లో కొంత కోశారు. ఇల్లు గడిచింది. మా ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. పిల్లలారా, మీరు అడుగుతారని తెలుసు, ఒక్కడివి ఎదురు తిరిగి ఏం సాధించావు అని. వినండి. సాధించింది ఇది.

నిరుడు ఆ ముసాయిదాను సవరించి మళ్ళీ జనం అభిప్రాయాలకు పెట్టారు. ఆశగా చదివాను. రెండో భాగం, అదే డబ్బు సంగతి, తదుపరి పరిశీలనకు అని పక్కన పెట్టారు. మొదటి భాగంలో కొత్తగా ఒక నిబంధన చేర్చారు: శ్రమ కారణంగా వేలిముద్ర నమోదుకాని ఓటర్ల విషయంలో స్థానిక అధికారి ధ్రువీకరణ సరిపోవును. నేను సభలో రెండు దారులూ తప్పే అని చెబితే, వాళ్ళు అందులో ఒకటి ఎంచి రాసుకున్నారు. నా బొటనవేలిని చట్టంలో పెట్టారు! ఆ రోజు నాకు వచ్చిన కోపం ఉద్యోగంలో ఉండగా ఎప్పుడూ రాలేదు.

పల్లెకు పోయాను. ముప్పై ఏడు మందిలో ఇద్దరు పోయారు, మిగిలినవాళ్ళను అక్క ఫ్యాక్టరీ ముందర కూర్చోబెట్టింది. అభ్యంతరం నేనే రాశాను. మా ఓటు మా చేతుల్లోనే ఉండాలి, ఇంకొకరి వేలితో మాకు ఓటు వద్దు, ఓటరును అనుమానించే ముందు ఓటు కొనేవాణ్ణి పట్టుకోండి. మూడే వాక్యాలు. సంతకాలు రానివాళ్ళే ఎక్కువ కాబట్టి అందరూ కింద వేలిముద్రలే వేస్తామన్నారు. సిరా ప్యాడ్ తెచ్చాను. ముప్పై ఐదు ముద్రలు పడ్డాయి. ఒక్కదాంట్లోనూ గీత లేదు. అన్నీ నల్లటి మచ్చలు. రిజిస్టరు పోస్టులో పంపాం.

నెలన్నరకు కాగితం తిరిగొచ్చింది. వేలిముద్రలు స్పష్టంగా లేనందున ఈ అభ్యంతరం పరిశీలనకు స్వీకరించబడలేదు అని ఎర్రసిరాతో రాసి ఉంది. దాన్ని పట్టుకుని చాలాసేపు మా గుమ్మంలో కూర్చున్నాను. అక్కకు చదివి వినిపించడానికి కూడా సిగ్గేసింది. అయినా పోయి చదివాను.

ఆమె కాగితం తీసుకుని తన మచ్చ ఎక్కడుందో వెతికి చూసుకుంది. తర్వాత చేతులు రెండూ కొంగుకు తుడుచుకుని నా ముందు చాచింది.

"ఒక్క ఏలు చాలనట్టుండాది సారూ. ఈసారి రెండు చేతుల పదేళ్ళూ పెడతాం. ఎన్నిసార్లు తిప్పి పంపితే అన్నిసార్లు పెడతాం. సిరా పెద్ద డబ్బా తీసుకురా పో."

తెచ్చాను. మనిషికి ఒక కాగితం, కాగితానికి పది మచ్చలు. మొన్న సోమవారం కడప పోస్టాఫీసులో రిజిస్టరు చేసి వచ్చాను. రశీదు నా దగ్గరుంది, డబ్బాలో సిరా ఇంకా చాలా ఉంది.